తండ్రి గడి

బర్కాల పొద్దు పొడవక ముందే
మగపూలు గిల్లే పని నాది.

ఆముదం గెల చూసే ఉంటరు గదా,
పైన ఆడపూలు, ఎర్ర కుచ్చులు నెత్తిన పెట్టుకొని.
కింద మగపూలు, పసుపు పిండి మూటలు.
ఎండ తగిలితే మూట విప్పుకుంటది.
విప్పకముందే గిల్లాలె,
గెలకు వెన్నకాగితం సంచి తొడగాలె,
సంచి మీద పెన్సిల్‌తో నంబరు రాయాలె.
పెన్నుతో రాస్తే చెమటకు కారిపోతది.

మక్తల్ దిక్కు మా వాళ్లు ఫోన్ల నవ్విండ్రు,
"ఆముదాలు ఎయ్యనీకి విమానం ఎక్కినవా?"
చెల్కగట్టున ఎవ్వరూ అడగకుండ మొలిచేదానికి
ఇక్కడ నల్ల పైపులు, ఉప్పు కొలిచే మిషను,
ఆకు ఆకుకు లెక్క, దాసరి పురుగుకు సుత లెక్క.

జోఖా మేడం అడిగేటివి నాలుగే.
పొట్టిగ ఉండాలె, నడుము దాటొద్దు.
గెలలన్నీ ఒక్కపారే ఎండాలె.
కాయ పగిలి గింజ చిందొద్దు.
ఉప్పునీళ్లు తాగి ఊకోవాలె.
మురాద్ బలూచీ నా చెవుల అన్నడు,
"చెట్టు గురించా, మన గురించా?"

పొట్టి ఎందుకని అడిగిన ఒకనాడు.
కోత మిషను పండ్లకు అందాలె గదా, అన్నది.
ఆరేండ్ల సంది ఈ పది వేళ్లు
వేళ్లు అక్కరలేని చెట్టును తయారు చేస్తున్నయి.

క్యాంపు రేకుల గది ఎనక
ఏసీ నీళ్లు కారే కాడ ఒక గింజ మొలిచింది.
నా ప్యాంటు మడతల నుంచి రాలిందో,
చెప్పుకంటి వచ్చిందో.
లోపట మేం పండుకున్న చల్లదనం
బయట దాని మొదట్ల చుక్క చుక్క పడేది.
రేకులు దాటి పెరిగింది.
ఎర్ర కాడ, తట్టలంత ఆకులు.
మేడం అడిగిన నాలుగిట్ల ఒక్క గుణమూ లేదు.
శుక్రవారం దాని కింద స్టూలేసి
ఓదెలు అందరికీ క్షవరం చేసేటోడు.
చెట్టు లేని చోట ఆముదమే మహావృక్షమని
సామెత కట్టినాయన ఎటకారానికే కట్టి ఉంటడు.
ఆయన జూన్ నెల బర్కాల నిలబడలేదు.

మొదటి గెల మొగ్గ తొడిగిననాడు మేడం చూసింది.
"దీని పుప్పొడి గాలికెక్కితే
మన ఆరేండ్ల వరుసలు పాడైతయి. నరకండి."
ఓదెలు కత్తెర పట్టుకొనే నిలబడ్డడు,
సగం గొరిగిన మురాద్ తల అట్లనే ఉన్నది.
నాకొచ్చిన అరబ్బీ అంతా ఊడ్చి అన్న,
మగపూలు నేను గిల్లుత. రోజూ.
ఆమె మమ్మల్ని చూడలే, గడియారం చూసింది.
"ఒక్క పువ్వు విప్పినా..."

ఇగ అప్పటి నుంచి
డ్యూటీ కన్న ముందు టార్చి పట్టుకొని దాని కాడికే.
ఒక్కో గెలది ఒక్కో వయసు,
ఒకటి పూత, ఒకటి పిందె, ఒకటి ముండ్లకాయ.
ఒక్క తెల్లారి తప్పలేదు, జ్వరమొచ్చిన దినం సుత.

అయినా కాసింది.
పొయ్యే గాలిని ఆపమన్నది గాని
వచ్చే గాలికి ఎవరు అడ్డం?

వంద గింజలు ఎంచి తక్కెట్ల పోసింది మేడం.
నలభై ఒక్క గ్రాము.
మళ్ల ఎంచింది, మళ్ల పోసింది.
రిజిస్టరు తెరిచి
తల్లి గడిల "క్యాంపు" అని రాసింది.
తండ్రి గడి కాడ ఆగింది.

ఆగితే ఏమున్నది.
నా కార్డు మీద తండ్రి పేరు గూడ
ఏజెంటు తప్పు కొట్టిందే,
ఆరేండ్ల సంది ఆ తెల్వని మనిషి కొడుకునై
జీతం తీసుకుంటున్న.

గడి ఖాళీగనే వదిలింది.
"పొడుగెంత?" అని అడిగింది.
నడుము కాడి నుంచి చెయ్యి లేపిన,
భుజం, నెత్తి, నెత్తి మీద ఇంకో చెయ్యంత.
ఇంకా, అన్న.
రాసుకుంది.
పెన్సిల్‌తోనే.